మామిడమ్మ పురిటి ఏడు

ఒకప్పుడు మామిడిచెట్టుకి అలుపన్నమాటే తెలీదు. ఏడాది తప్పకుండా కాసేది. అదీ ఆషామాషీగా కాదర్రా, ఆకు కనపడకుండా కాసేది!

ఎందుకంటారా? మామిడమ్మకి "లేదు" అనడం చేతకాదు. పిల్లలు "అమ్మా, కాయ!" అంటే చాలు, కొమ్మ వంచేసేది. ఉడుత అడిగినా ఇచ్చేది, ఆవకాయకని ఆడవాళ్లు గంపలు తెచ్చినా ఇచ్చేది.

పక్కనే ఉన్న చింతచెట్టు చూసి చూసి ఒకనాడు అడిగింది. "ఏమే మామిడీ, నీది ఒళ్లా, ఇనుమా? కాస్త నడుం వాల్చవే."

"ఎలా వదినా? కాయలు లేకపోతే నా దగ్గరికి ఎవరొస్తారు?" అంది మామిడమ్మ. అదీ దాని భయం. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, గుండె నిండా అదే భయం.

కొన్నేళ్లు గడిచాయి. ఆకులు చిన్నబోయాయి. కాయలు పీచు తేలాయి. ఒక పిల్లాడు కొరికి, "ఛీ, పులుపు!" అని ఉమ్మేశాడు. పాపం, మామిడమ్మ ప్రాణం ఉసూరుమంది. "నేనే సరిగ్గా కాయడం లేదు" అనుకుని, వేళ్లలో మిగిలిన ఆ కాస్త రసం కూడా పైకి తోడి, మరుసటేడు ఇంకా ఎక్కువ కాసింది. చూశారా పిచ్చితల్లి!

ఆ బరువుకి పెద్దకొమ్మ ఫెళ్లున విరిగింది. ఆ కొమ్మ తొర్రలోనే చిలకమ్మ కాపురం. రెక్కలు రాని పిల్లలు రెండు కిందపడ్డాయి. అదృష్టం బాగుండి గడ్డివాము మీద పడ్డాయి గానీ, లేకపోతే ఏమయ్యేదో!

"నా చేతులతో నేనే పడేశానే!" అని మామిడమ్మ ఒకటే ఏడుపు.

ఆ ఏడుపు విని మంత్రసాని పైడమ్మ పరుగున వచ్చింది. ఆ ఊళ్లో పిల్లలందరూ ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్లే. చిలకపిల్లల్ని ఒళ్లోకి తీసుకుంది. చెట్టు మొదలు తడిమింది. పైనుంచి కిందికి చూసి నోరు నొక్కుకుంది.

"ఓసి నీ అమ్మకడుపు చల్లగా! పచ్చిబాలింత ఒళ్లే నీది! ఒక్క బిడ్డని కన్న పిల్లకే చెవుల్లో దూది పెట్టి, పథ్యం పెట్టి, మంచం దిగనివ్వమే. నువ్వు ఏటా వేలమందిని కని, మర్నాడే చాకిరీకి లేస్తావా? ఇంకొక్క కాపు కాశావంటే నిలువునా ఎండిపోతావు."

"మరి పిల్లలు అడిగితే, పెద్దమ్మా?"

"అడిగితే నేను చెప్తాను. నోరు మూసుకుని పడుకో!"

అనడమేమిటి, పాత నేతచీర తెచ్చి మొదలు చుట్టూ కట్టేసింది. పాదులో పశువుల ఎరువు వేసి నీళ్లు పోసింది. సాంబ్రాణి పొగ వేసింది. కర్ర పట్టుకుని చెట్టుకింద పీట వేసుకుని కూర్చుంది.

మళ్లీ కాయల కాలం వచ్చింది గానీ, ఆ ఏడు మామిడమ్మ ఒక్క కాయా కాయలేదు. ఉడుత వస్తే, "పురిటింటికొచ్చి పెత్తనాలా? పో, ముంజలు తిను!" అంది. గంపలతో వచ్చిన ఆడవాళ్లకి, "ఈ ఏడు చింతకాయ పచ్చడి పెట్టుకోండమ్మా" అని చెప్పింది. చింతచెట్టు మురిసిపోయింది. "అమ్మయ్య, ఇన్నాళ్లకి నా మొహం చూశారు!"

అందరూ వెళ్లిపోతుంటే మామిడమ్మకి మాత్రం దిగులు. అనుకున్నట్టే అయింది, ఇక నన్నెవరు తలుస్తారు అనుకుంది.

ఒక మధ్యాహ్నం, ఎండ మాడిపోతుంటే పిల్లలు గుంపుగా వచ్చారు. పైడమ్మ పీట మీద కునుకు తీస్తోంది. మామిడమ్మ సిగ్గుతో ఆకులు ముడుచుకుని, పుట్టాక మొదటిసారి ఆ మాట అంది.

"ఈ ఏడు ఏమీ లేదర్రా."

రత్తి అనే పిల్ల కళ్లు పెద్దవి చేసింది. "కాయలు ఎవరడిగారు? నీ దగ్గర ఆడుకుందామని వచ్చాం. పెద్దమ్మ నీకు బాగాలేదందిగా, ఇప్పుడెలా ఉంది?"

అని చీర కట్టిన మొదలుని రెండు చేతులా వాటేసుకుంది. పైకొమ్మ నుంచి రెక్కలొచ్చిన చిలకపిల్లలు కిచకిచమన్నాయి. చిలకమ్మ ఎక్కడికీ వెళ్లలేదు, ఇంకో తొర్ర చూసుకుంది అంతే.

మామిడమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ రోజు హాయిగా నిద్రపోయింది. లేచేసరికి ఒళ్లంతా లేత ఎర్రచిగుళ్లు!

మరుసటేడు కాసిన కాయలు తింటే మోచేతుల దాకా తేనే. పైడమ్మ పండు జుర్రుకుంటూ, "చూశావా, పథ్యం ఊరికే పోదే" అంది.

అప్పటినుంచే మామిడి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు కాపు తగ్గించి, చిగుళ్లు తొడుక్కుని ఒళ్లు చూసుకుంటుంది. పిల్లలు మాత్రం కాయని ఏడు కూడా ఆ నీడకే పోతారు.