రోకలి పొన్ను తొడిగిన ఒర

ఒకానొకప్పుడు చింతలగిరి రాజ్యాన్ని రణధీరవర్మ ఏలేవాడు. పేరుకు రణధీరుడేగాని, బుద్ధెరిగాక ఆయన కళ్లారా చూసిన రణం ఒక్కటీ లేదు. అందుకేనేమో, ముత్తాత గెలిచిన యుద్ధాల గురించి పొద్దస్తమానం చెప్పుకునేవాడు.

ఆ ఏడు దసరాకు ముత్తాతగారి కత్తిని పూజలో పెట్టి, నడుముకు కట్టుకుని ఏనుగెక్కాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఆయుధశాల అంతా వెతికిస్తే పాత కత్తులు రెండు దొరికాయి. ఒకదాని ఒరకు బంగారు పట్టీలు, కెంపులు. రెండోదానికి నల్లబడ్డ వెండి పట్టీ, కొనకు తొడుగులా ఇనుప పొన్ను.

"ఇంకా సందేహమా? కెంపులదే మా ముత్తాతగారిది!" అన్నాడు రాజు.

ఒరలు చేసే ముసలి ఓబళాచారి ఊరుకోలేకపోయాడు. "కాదు ప్రభూ, రెండోది. యుద్ధంలో వెండి పొన్ను ఊడిపోతే, మా తాత దండు వంటశాలలో రోకలికున్న పొన్ను పీకి దీనికి తొడిగాడట. మా నాయన చెప్పేవాడు."

"మా ముత్తాత ఒరకు రోకలి పొన్నా!" రాజు సింహాసనం మీంచి లేచాడు. "ఆయన్ని అవమానించినవాడు ఎవడైనా సరే, పొద్దు గుంకేలోగా రాజ్యం దాటాల్సిందే. ఇది నా మాట!"

ఓబళాచారి చేతులు జోడించాడు. ఈ వయసులో ఎక్కడికని పోతాడు? పండితులంతా తలలు వంచుకుని గోళ్లు చూసుకోసాగారు.

సభలో నవ్వించడానికి రాజు పోషిస్తున్న కోనప్ప చూపు మాత్రం ఆ ఒరల మీదే ఉంది. "ఒక్కసారి నన్ను చూడనివ్వండి ప్రభూ" అని, రెంటినీ కిటికీ వెలుతురులోకి పట్టుకెళ్లాడు. ఒర మూతికున్న పట్టీలను వేలితో తడిమాడు. దొరికింది! ఉన్నపళంగా గంతెయ్యబోయి తమాయించుకున్నాడు.

"ప్రభూ, కత్తి దూసినప్పుడల్లా అంచు ఈ పట్టీకి ఒరుసుకుంటుందా?"

"ఒరుసుకోకుండా ఎలా ఉంటుంది?"

"గీత పడుతుందా?"

"పడుతుంది. ఆమాత్రం తెలీదుటోయ్ నీకు?"

"అయితే ఈ వెండి పట్టీ చూడండి. గీతల మీద గీతలు పడి సగానికి అరిగిపోయింది. బంగారు పట్టీ మీద వెంట్రుకంత గీత కూడా లేదు."

"అయితే ఏమంటావు?"

"నేనేమీ అనను ప్రభూ, అన్నది తమరే! ఓబళాచారి అన్నదల్లా ముత్తాతగారి ఒరకు రోకలి పొన్ను ఉందని. తమరేమో గీతైనా లేని కెంపులది ఆయనదని, అంటే ఆయన జన్మలో ఒక్కసారి కూడా కత్తి దూయలేదని అంటున్నారు. పొద్దు గుంకేలోగా రాజ్యం దాటవలసింది ఎవరో తమరే సెలవివ్వాలి."

రాజు ముఖం ఎర్రబడింది. వెండి పట్టీ మీద ఆయనే బొటనవేలు పెట్టి రుద్ది చూశాడు.

"మరి ఈ కెంపుల కత్తి ఎవరిదోయ్?" అన్నాడు చివరికి.

"ఇకనుంచి తమదే ప్రభూ! దాని మీద గీత పడనంతకాలం మేమంతా పిల్లాపాపలతో చల్లగా ఉన్నట్టే."

రాజు పకపకా నవ్వాడు. తన చేతి కంకణం తీసి కోనప్పకు తొడిగాడు, ఓబళాచారికి తానే స్వయంగా శాలువా కప్పాడు. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

దసరానాడు రాజు నడుమున ఆ నల్లబడ్డ ఒరే వేలాడింది. ఏనుగు అడుగేసినప్పుడల్లా పొన్ను అంబారీకి తగిలి టంగుమంటుంటే, "వినండర్రా, మా ముత్తాతగారి రోకలి!" అని వీధి పొడుగునా ఆయనే చాటుకున్నాడట.