గురువు తగిలించిన ట్రైలర్

"పదకొండేళ్ల నుంచి ట్రైలర్లు తగిలిస్తన్నాను గురువుగోరూ. మొన్నొచ్చిన గవర్రాజు నా బండి కింద తల దూర్చి సూడ్డమేటండి? నా సెయ్యి మీద మీకు నమ్మకం లేదా?"

రేవు వెనకాల ఉన్న మా యార్డులో ఒక ఉదయం ఎల్లాజీ అడిగిన ప్రశ్న ఇది. అడిగింది పైడయ్యగారిని. ఆయన నలభై ఏళ్లు ట్రైలర్ లారీలు నడిపారు. చూపు మందగించాక రోడ్డెక్కడం మానేసి, కొత్తవాళ్లకు పని నేర్పుతూ యార్డులోనే ఉండిపోయారు. నేను ఆ యార్డు గేటు కాపలావాణ్ణి. కాపలావాడికి కబుర్లెందుకని మీరనుకోవచ్చు గానీ, గేటు దగ్గర నిలబడ్డవాడికి కనిపించినంత ఆఫీసు గదుల్లో కూర్చున్నవాళ్లకు కనిపించదు.

పైడయ్యగారు పెట్టిన ఆచారం ఒకటుంది. ట్రైలర్‌ను లారీకి ఎవరు తగిలించినా సరే, ఇంకొకరు వంగి కింద చూడాలి. లారీ వీపు మీద ఒక ఇనుప పళ్లెం ఉంటుంది. లారీని వెనక్కి నడిపి ఆ పళ్లేన్ని ట్రైలర్ ముక్కు కిందికి తోస్తే, ట్రైలర్ అడుగున ఉండే లావాటి పిన్నును పళ్లెంలోని దవడలు కరుచుకుంటాయి. టక్‌మని చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినగానే ఎవరికైనా పనైపోయిందనే అనిపిస్తుంది. పైడయ్యగారు మాత్రం చప్పుడును లెక్కచేయరు. పళ్లేనికీ ముక్కుకీ మధ్య వెలుతురు కనబడకూడదు. ట్రైలర్ తన ముందువైపు ఉండే ఇనుప కాళ్ల మీద తాను నిలబడి ఉండగానే లారీని ఒకసారి మెల్లగా ముందుకు లాగి చూడాలి. ఆ తర్వాతే కాళ్లు పైకెత్తాలి. ఇదంతా ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలకే మా డ్రైవర్లు ముఖాలు మాడ్చుకునేవారు. ఎల్లాజీ బాధ మాత్రం వేరు. తన పనిని ఇంకొకడు వంగి చూడడం అతనికి చెంప మీద కొట్టినట్టుండేది. పాపం, అతని పనిలో నిజంగానే ఎప్పుడూ వంక ఉండేది కాదు.

పైడయ్యగారు లారీ దగ్గరికి నడిచారు. "ఇయ్యాల నీ బండి నాను తగిలిస్తాను. నువ్వు దిగు," అన్నారు.

ఆ ట్రైలర్ మీద ఇరవై ఏడు టన్నుల ఇనుప చుట్టలున్నాయి. గేటు దాటగానే రోడ్డు మలుపు తిరుగుతుంది. ఆ మలుపులోనే ఎల్లాజీ తల్లి నూకమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు చేపల గంపలు పెట్టుకుని కూర్చుంటారు. అక్కడ కూర్చోవద్దని రోజూ నేను చెబుతాను, రోజూ వాళ్లు నన్ను తిడతారు.

పైడయ్యగారు రొప్పుకుంటూ లారీ ఎక్కి వెనక్కి నడిపారు. టక్‌మంది. ఆయన దిగివచ్చి పళ్లెం పక్కన నిలబడ్డారు. ఇక వంగి చూడవలసింది ఎల్లాజీ. వచ్చాడు, వంగాడు కూడా. రెండు చేతులా గురువు పాదాలు తాకి కళ్లకద్దుకున్నాడు. లేచి, తిన్నగా వెళ్లి ట్రైలర్ కాళ్లు పైకెత్తే హ్యాండిల్ పట్టుకున్నాడు.

"కింద సూసేవా?" అన్నారు గురువు.

"మీరు తగిలించినాక నాను సూసేదేటండి? కళ్లు పోతాయి!"

ఆ మాట ఆయనకు ఒక్క క్షణం తియ్యగానే తగిలి ఉంటుంది. ఆయనా మనిషే కదా. కానీ మరుక్షణం "ఆగు" అని కేకేసి, నొప్పి మోకాలిని పక్కకు చాపుకుని ఆ బురదలోనే చతికిలబడ్డారు. కళ్లను నమ్ముకునే రోజులు పోయాయి కనుక, చెయ్యి పైకెత్తి పళ్లేనికీ ముక్కుకీ మధ్య తడిమి చూశారు. గోరు కూడా దూరకూడని చోట నాలుగు వేళ్లు దూరాయి.

ముందురోజు ఆ ట్రైలర్‌ను నిలిపిన వాడెవడో కాళ్లు ఎక్కువగా దింపి పోయాడు. ముక్కు పైకి లేచి ఉండడంతో పిన్ను దవడల్లోకి దిగలేదు. దవడలు ఖాళీగా మూసుకుని టక్‌మన్నాయి. ఆ బండి అలాగే గేటు దాటి ఉంటే మలుపులో ట్రైలర్ ఊడి పక్కకు ఒరిగేది.

గురువు పిలిస్తే ఎల్లాజీ కూడా వచ్చి ఆ సందులో చెయ్యి పెట్టాడు. తీసి, గేటు వైపు చూశాడు. బయట నూకమ్మ ఎవరితోనో బేరమాడుతున్న గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. అంత మనిషీ గురువు పక్కనే బురదలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"తప్పు నాదిరా. నాకు కనపళ్లేదు," అన్నారు పైడయ్యగారు, పదిమందీ వింటుండగా.

శిష్యుడికి బుద్ధి చెప్పడానికి ఆయన కావాలనే అలా చేశారని చెప్పుకునేవాళ్లు మా యార్డులో ఇప్పటికీ ఉన్నారు. నేను ఒప్పుకోను. సందులోంచి తీసిన ఆ నాలుగు వేళ్లనూ ఆయన తువ్వాలుకు ఎన్నిసార్లు తుడుచుకున్నారో నేను చూశాను.

లారీని ముందుకు తీసి, ట్రైలర్ ముక్కును సరైన ఎత్తుకు దింపి, ఈసారి ఎల్లాజీయే తగిలించాడు. గవర్రాజును తనే కేకేసి పిలిచాడు. అతను వంగి చూస్తుంటే పక్కనే గొంతుక్కూర్చుని టార్చి పట్టాడు. పళ్లేనికీ ముక్కుకీ మధ్య వెలుతురు లేదు, దవడలు పిన్నును గట్టిగా పట్టుకున్నాయి. లారీని లాగి చూశారు, కదల్లేదు. అప్పుడు కాళ్లెత్తారు.

బయల్దేరే ముందు ఎల్లాజీ మళ్లీ గురువు పాదాల మీదికి వంగబోయాడు. ఆయన వెనక్కి జరిగి అతని భుజం పట్టుకుని లేపారు.

"ఇందాక దండం ఎట్టినప్పుడు నీ తలకీ ఆ సందుకీ మూరెడు దూరమేరా, ఎల్లాజీ. అంత వంగినోడివి, కూసింత పక్కకి సూస్తే సరిపోయేది."