బాదం చెట్టు కింద పేపరు కట్ట

అనగనగా ఒక ఊళ్ళో, బజారుకీ కాలవకీ మధ్యన, ఒక పాత పెంకుటి గ్రంథాలయం ఉండేది. కళ్ళు మూసుకుని ఊఁ కొట్టు చిన్నీ. ఊఁ ఆగిందంటే కథ కూడా ఆగిపోతుంది.

ఆ గ్రంథాలయంలో ముందు పెద్ద హాలు. పక్కన పిల్లల గది. వెనకాల బీరువాలు నిండిన లోపలి గది. వాకిట్లో ఒక బాదం చెట్టు. ఆ చెట్టు కింద నీడ ఎప్పుడూ చాప పరిచినట్టు ఉండేది.

అక్కడికి తాయారు అనే అమ్మాయి లైబ్రేరియనుగా వచ్చింది. సన్నగా ఉండేది, గొంతు కూడా సన్నమే. అయినా తలుపులు తీసే వేళకి ఒక్కరోజూ ఆలస్యం కాలేదు.

తాయారు వచ్చిన కొత్తలో ఒక వింత చూసింది. పొద్దున్నే పేపరు రాగానే పెద్దవాళ్ళు దాన్ని ఏ పేజీకి ఆ పేజీ విడదీసేవాళ్ళు. జిల్లా పేజీ ఒకరికి, ఆటల పేజీ ఒకరికి, మధ్య పేజీ ఒకరికి. ఎవరి పేజీ వాళ్ళు పట్టుకుని కూర్చున్నారంటే ఇక కదిలేవాళ్ళు కాదు. ఎందుకంటే కుర్చీలోంచి లేస్తే ఆ పేజీ పక్కవాళ్ళదైపోతుంది. ఈ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. కానీ దాన్ని మీరినవాళ్ళు లేరు.

మధ్య పేజీ మాత్రం ఎప్పుడూ అప్పలనరసయ్యదే. ఆయన పోలీసు శాఖలో హెడ్డు కానిస్టేబులుగా చేసి దిగిపోయాడు. ఊరంతా హెడ్డుగారనే పిలుస్తుంది. గ్రంథాలయం కమిటీలో కూడా ఆయనే పెద్ద. మధ్యాహ్నమైతే ఆ పేజీ పట్టుకుని లోపలి గదిలోకి పోయి, బల్ల మీద పడుకుని, దాన్ని మొహం మీద కప్పుకుని నిద్రపోయేవాడు. మొహం మీది పేజీని ఎవరు తీస్తారు మరి!

ఒకరోజు హాల్లో ఏదో కాలుతున్న వాసన వచ్చింది.

"ఏదో మాడుతోందండోయ్," అన్నాడు లింగమూర్తి మాస్టారు, పేపరు దించకుండానే.

"మీ ఇంట్లో పప్పై ఉంటుంది," అంది సుభద్రమ్మ. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. చేతికర్ర పట్టుకుని వారపత్రికలో సీరియలు కోసం వచ్చేది.

"మా ఇంట్లో ఇవాళ పప్పు లేదమ్మా, పులుసు."

వాళ్ళ నెత్తి మీద, గోడకున్న ఫ్యాను రెగ్యులేటరు పొగ కక్కుతోంది. తాయారు పరుగున వెళ్ళి మెయిను కట్టేసింది. పొగ ఆగిపోయింది. అప్పుడు హెడ్డుగారు తల ఎత్తి, "ఫ్యానెందుకు ఆపావమ్మాయ్?" అన్నాడు.

తాయారు నవ్వలేదు. పొగ చూసీ ఒక్కరూ కుర్చీ వదల్లేదు. రేపు నిజంగా అంటుకుంటే? ఆ పక్క గదిలో పిల్లలున్నారే! నా గ్రంథాలయంలో ఒక్క మనిషి కూడా లోపల మిగిలిపోకూడదు, అనుకుంది.

మర్నాడు వైర్లన్నీ మార్పించింది. ఆ తర్వాత ఫైరు స్టేషనుకి వెళ్ళి అడిగింది. అక్కడి పెద్దాయన మూడే మూడు మాటలు చెప్పాడు. పొగలో నిలబడి నడవొద్దు, వంగి గోడ పట్టుకుని నడవండి. చేతిలో ఉన్నది వదిలేసి రండి, దానికోసం మళ్ళీ వెనక్కి పోవద్దు. బయట అందరూ ఒకచోట చేరి, ఎవరు లేరో చూసుకోండి.

తాయారు వెనక్కొచ్చి కొంగు బిగించింది.

లోపలి గదికి పెరటివైపు ఒక తలుపుంది. దాని ముందు పాత పేపరు కట్టలు పైకప్పు దాకా ఉన్నాయి. వాటిని తీయబోతే హెడ్డుగారు అడ్డం పడ్డాడు.

"వాటి మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. అందులో నా ఫోటో ఉంది."

"ఏం ఫోటో అండీ?"

"దొంగల దగ్గర గేదెను పట్టుకున్నప్పటిది."

తాయారు కట్టలన్నీ వెతికి ఆ ఫోటో తీసింది. అద్దం కట్టించి హాల్లో గోడకి తగిలించింది. అందులో గేదె బాగానే పడింది, హెడ్డుగారు సగమే పడ్డాడు. అయినా ఆయన మురిసిపోయాడు. కట్టలు ముందు హాల్లోని బీరువాల్లోకి వెళ్ళాయి. పెరటి తలుపు గడియకి నూనె పడింది. గడియ లోపలివైపే. వేలితో లాగితే చాలు, వచ్చేస్తుంది.

ఆ తర్వాత వసారాలో ఒక రైలు పట్టా ముక్క వేలాడదీసింది. ఇనప కడ్డీతో కొడితే బజారంతా వినిపిస్తుంది. అది మోగితే హాల్లోవాళ్ళు ముందు తలుపులోంచి, లోపలి గదిలోవాళ్ళు పెరటి తలుపులోంచి బయటికొచ్చి బాదం చెట్టు కిందికి చేరాలి.

ఒకరోజు గణగణమని గంట కొట్టింది. పిల్లలు గోలగోలగా పరిగెత్తుకొచ్చారు. పెద్దవాళ్ళు? ఒక్కరూ లేవలేదు.

"గంట బాగుందమ్మాయ్," అన్నాడు హెడ్డుగారు. "ఇక వచ్చి కూర్చో."

రెండోసారి ముందే అందరికీ చెప్పి కొట్టింది. అప్పుడు లేచారు. కానీ ఎలా లేచారనుకున్నావ్? ఒక చేత్తో పేజీ, రెండో చేత్తో కుర్చీ! కుర్చీలన్నీ గుమ్మంలో ఒకదానికొకటి చిక్కుకున్నాయి. మాస్టారు మధ్యలో ఇరుక్కున్నాడు. సుభద్రమ్మ లోపలే ఉండిపోయింది.

"నన్నెవరైనా తీసుకెళ్తారా, సీరియలు చదువుకోనా?" అని కేకేసింది.

హెడ్డుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూడమ్మాయ్, ఇంకొక్కసారి చూస్తా. అప్పుడూ ఇదే భాగోతమైతే కమిటీలో చెప్పి ఆ గంట తీయించేస్తా."

తాయారుకి ఆ పూట అన్నం సయించలేదు. గంట పోతే ఇక వీళ్ళని లేపేదెవరు? వీళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెవిటివాళ్ళూ కారు, హెడ్డుగారి ఒక చెవి తప్ప. మరెందుకు లేవరు? పేజీ పోతుందని! అలా అనుకోగానే ఆమె ముఖం విప్పారింది.

మూడోసారి పొద్దున్నే గంట మోగింది. పిల్లలు వచ్చేశారు. పెద్దవాళ్ళు పేజీల కోసం చూసుకుంటే చేతుల్లో ఏమీ లేవు. బల్ల మీదా లేవు. కిటికీలోంచి చూస్తే ఏముంది? బాదం చెట్టు కింద తాయారు నిలబడి ఉంది. ఆమె చేతుల్లో ఆరోజు పేపరు కట్ట, దారం కూడా తెంపకుండా!

"అందరూ వచ్చాకే పంచుతాను," అంది తాయారు. "ఒక్కరు తక్కువైనా కట్ట విప్పను."

అప్పుడు చూడాలి చిన్నీ! కుర్చీలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మాస్టారు ముందు గుమ్మం దాటాడు. దాటి, వెనక్కి తిరిగి చూస్తే సుభద్రమ్మ ఇంకా కర్ర వెతుక్కుంటోంది.

"అమ్మా తల్లీ, నువ్వు రాకపోతే మాకు పేపరు లేదు!" అని ఇద్దరు ఆవిడని కుర్చీతో సహా ఎత్తి తీసుకొచ్చారు.

"పెళ్ళిలో కూడా నన్నెవరూ ఇలా ఎత్తలేదర్రా," అంది సుభద్రమ్మ.

ఇక మిగిలింది హెడ్డుగారు. లోపలి గదిలో బిగుసుకుని కూర్చున్నాడు. పిల్లలు పెరటి కిటికీ దగ్గర చేరారు.

"తాతా, రా! తాతా, వంగు! పొగ!"

"పొగెక్కడ్రా?"

"ఉందనుకో తాతా!"

"హెడ్డూ, నీ మూలంగా అందరం పస్తు!" అని చెట్టు కిందనుంచి సుభద్రమ్మ అరిచింది.

ఆయన గొణుక్కుంటూ లేచాడు. వంగి, గోడ పట్టుకుని, గడియ లాగి బయటికొచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తాయారు దారం తెంపి మధ్య పేజీ ముందుగా ఆయనకే ఇచ్చింది. గంట జోలికి ఇంక ఆయన పోలేదు.

ఆనాటినుంచి ప్రతి శనివారం పేపరు బాదం చెట్టు కిందే పంచేవాళ్ళు. ముందు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. ఎవరు రాలేదు, ఎవరు రాలేదు అని వెతుక్కోవడం వాళ్ళకి అలవాటైపోయింది. చాలాసార్లు రానిది హెడ్డుగారే.

నిద్రొస్తోందా? ఊఁ కొడుతున్నావుగా. అయితే విను, అసలు సంగతి ఇప్పుడే.

ఒకరోజు నడివేసవి మధ్యాహ్నం. గ్రంథాలయం లోపలి గది పక్కగోడకి ఆనుకుని ఒక పరుపుల కొట్టుంది. కొట్టతను తాళం వేసి భోజనానికి వెళ్ళాడు. లోపలున్న దూదికి నిప్పంటుకుంది. దూదిలో మంట కంటే ముందు పొగ లేస్తుంది. ఆ పొగ పెంకుల సందుల్లోంచి గ్రంథాలయంలోకి దిగింది.

తాయారు తల ఎత్తి చూసింది. చూసి, ఒక్క అంగలో వసారాలోకి వెళ్ళి గంట కొట్టింది. గణగణ గణగణ!

ఈసారి ఎవరూ పప్పు గురించి మాట్లాడలేదు. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వంగి బయటికొచ్చారు. సుభద్రమ్మ కుర్చీ గాల్లోకి లేచింది. మాస్టారు ఎదురుగా ఉన్న టీ కొట్టుకి పోయి ఫైరు స్టేషనుకి ఫోను చేశాడు. తాయారు మెయిను కట్టేసి చెట్టు కిందికి వచ్చింది.

ఆమె చేతిలో పేపరు కట్ట లేదు. అయినా అలవాటు కొద్దీ అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"హెడ్డేడీ?" అంది సుభద్రమ్మ.

హెడ్డుగారు లేడు. ఆయన బాగా వినపడే చెవిని దిండుకి ఆనించి పడుకుంటాడు. గంట ఆయన్ని చేరలేదు.

మాస్టారు ముందు గుమ్మం వైపు ఉరికాడు. తాయారు ఆయన చెయ్యి పట్టేసుకుంది. "వెనక్కి వద్దు మాస్టారూ! హాలంతా పొగ. పెరట్లోకి పదండి." ఆ సన్న గొంతు ఆరోజు వీధి చివరిదాకా వినిపించింది.

అందరూ గ్రంథాలయం చుట్టి పెరట్లోకి వచ్చారు. కిటికీ ఊచల్లోంచి పొగ వస్తోంది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. మాస్టారు తలుపు బాదాడు. పలుకు లేదు. తాయారు గొంతు చించుకుని పిలిచింది. దగ్గు వినిపించింది గాని మనిషి లేవలేదు.

అప్పుడు సుభద్రమ్మ చేతికర్రతో కిటికీ ఊచల మీద టకటకా కొట్టి, ఊరంతా వినిపించేలా అరిచింది.

"హెడ్డూ! నీ మధ్య పేజీ నేను తీసేసుకుంటున్నా!"

"ఎవరదీ?" అని లోపలినుంచి గర్జించాడు హెడ్డుగారు. బల్ల మీదనుంచి దూకిన చప్పుడైంది.

దూకాడే గాని, చుట్టూ ఏమీ కనపడలేదు. పొగ. కళ్ళు మండుతున్నాయి. తలుపు ఎటుందో తెలీలేదు. అప్పుడు కిటికీలోంచి పిల్లల గొంతులు వినిపించాయి.

"తాతా, వంగు!"

వంగాడు. కింద గాలి కాస్త తేటగా ఉంది. గోడ చేతికి తగిలింది. గోడ వెంట పాకుతూ వచ్చాడు. కాలికి ఒక్క పేపరు కట్ట అడ్డం రాలేదు. గడియ వేలికి తగిలింది. లాగాడు. నూనె రాసిన గడియ కిక్కురుమనకుండా వచ్చేసింది.

తలుపు తెరుచుకుంది. మసి కొట్టుకుపోయిన హెడ్డుగారు వచ్చి తాయారు కాళ్ళ ముందే కూలబడ్డాడు. దగ్గాడు, తుమ్మాడు, కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరు ఆయన చేతులు తమ భుజాల మీద వేసుకుని బాదం చెట్టు కిందికి నడిపించారు.

తాయారు ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చింది. పిల్లలున్నారు. మాస్టారు ఉన్నాడు. సుభద్రమ్మ ఉంది. హెడ్డుగారు ఉన్నాడు. లోపల ఎవరూ మిగల్లేదు. అప్పుడు ఆమె చెట్టు మొదట్లో కూర్చుని హాయిగా గాలి పీల్చుకుంది.

అంతలో ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చింది. నీళ్ళు కొట్టి మంట ఆర్పేశారు. లోపలి గది కప్పు సగం పోయింది. కొన్ని బీరువాలు తడిశాయి. తక్కిన గ్రంథాలయం ఎక్కడిదక్కడే నిలబడింది. ఫైరు స్టేషను పెద్దాయన చెట్టు కింద జనాన్ని చూసి, "అందరూ ఉన్నారా?" అని అడిగాడు.

"ఉన్నామండీ!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఆ కేకకి చెట్టు మీది కాకులు లేచిపోయాయి.

అప్పుడు సుభద్రమ్మ హెడ్డుగారి చేతుల వంక చూసింది. రెండూ ఖాళీ.

"ఏమయ్యా హెడ్డూ, నీ పేజీ ఏదీ?"

ఆయన ఒక్క క్షణం తన చేతులు చూసుకున్నాడు. మొహం మీది పేజీ వదిలేసి ఆయన లేవడం అదే మొదటిసారి.

"కాలిపోయుంటుంది," అన్నాడు. "పేపరుదేముందమ్మా, రేపు మళ్ళీ వస్తుంది."

మర్నాడు నిజంగానే వచ్చింది. అందులో బాదం చెట్టు కింద నిలబడ్డ అందరి ఫోటో ఉంది. ఈసారి హెడ్డుగారు నిండుగా పడ్డాడు. ఆ ఫోటోని గేదె ఫోటో పక్కనే తగిలించారు. ఆ తర్వాత నుంచి శనివారం గంట కొట్టే పని ఆయనదే. ఎవరైనా లేవడానికి బద్ధకిస్తే, "లేవండర్రా, పొగ!" అని గదిమేవాడు.

"పొగెక్కడండీ?" అంటే, "ఉందనుకో!" అనేవాడు.

గణగణ మోగింది గంట,
గబగబ లేచారంట,
వంగి వంగి నడిచారంట,
ఒక్కరూ తగ్గలేదంట.
కథేమో కంచి దారి పట్టింది, గడియ తీసుకుని,
మనమేమో ఇంట్లో పడుకున్నాం, అందరం కలుసుకుని.