బొమ్మిడివారి ఎదురుదాడి

మండపేటలో తెలివి పంచిపెట్టిన రోజున బొమ్మిడివారి ముగ్గురు కొడుకులూ నిద్రపోతున్నారని ఊళ్ళోవాళ్ళంటారు. ఆ ముగ్గుర్నీ అడిగితే మాత్రం, "ఇంట్లో కావలసినంత ఉందని మేమే వద్దన్నాం" అంటారు. పెద్దవాడు గవర్రాజు, నడిపివాడు సూరిబాబు, ఆఖరివాడు త్రిమూర్తులు. ముగ్గురూ మూడు కంప్యూటర్ల ముందు కూచుని, ఆన్‌లైన్‌లో యుద్ధవిమానాల ఆట ఆడతారు. ఎంత జాగ్రత్తపరులంటే, ఆట మొదలెట్టే ముందు తువ్వాలుతో నడుం కుర్చీకి కట్టేసుకుంటారు. విమానానికి ఎదురుగాలి తగలకుండా గదిలో ఫ్యాను ఆపేస్తారు. అంత ఆలోచన ఇంకెవరికొస్తుంది చెప్పండి!

అంత ఆలోచనతో తొమ్మిది పందేలు ఆడారు. తొమ్మిదీ ఓడారు. ఎలాగంటారా? శత్రువు విమానం ఎదురుగా దూసుకొస్తే, వీళ్ళూ దానికి ఎదురుగానే దూసుకెళ్ళేవాళ్ళు. ఢాం! అంతే.

వాళ్ళమ్మ మంగాయమ్మకి ఒళ్ళు మండింది. "పదోది కూడా ఓడారో, మూడు కంప్యూటర్లూ బళ్ళో పిల్లలకిచ్చేస్తా. మీరు నాతో కూచుని అప్పడాలు ఒత్తుదురుగాని" అంది.

గవర్రాజు లబోదిబోమన్నాడు. ఆ విమానమంటే వాడికి ప్రాణం. రోజూ తెర మీద దాని రెక్కలు తడిగుడ్డతో తుడిస్తే గాని అన్నం ముట్టడు. అందుకని కాకినాడలో ఉన్న అక్క మొగుడు వెంకటరత్నాన్ని బతిమాలుకున్నాడు. ఆయన ఈ ఆటలో ఆరితేరిన మనిషి. పందెం జరిగినంతసేపూ అక్కణ్ణుంచే చూస్తూ, హెడ్‌సెట్లలో సలహాలు చెప్తానని ఒప్పుకున్నాడు, పాపం.

"ఒరే, ఎదురెదురుగా పోవడం మగతనం కాదు, ఇద్దరూ చావడమే. వాడు దూరంగా ఉండగానే పక్కకి జరగాలి, కిందికి దిగాలి. వాడు దాటిపోయాక తిరిగి వాడి వెనక పడాలి. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి, చాలు."

"ఓస్, చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు బావా!" అన్నాడు గవర్రాజు.

పందెం మొదలైంది. కర్నూలు జట్టువాళ్ళ మూడు విమానాలూ రివ్వున వచ్చాయి. "వచ్చేస్తున్నారు! పక్కకి జరగండి!" అని అరిచాడు బావ. ఇంకేముంది, ముగ్గురూ కుర్చీలతో సహా బరబరా పక్కకి జరిగారు. విమానాలు మాత్రం తిన్నగానే పోయాయి. త్రిమూర్తులు విమానం కాలి కూలిపోయింది.

"నేను జరిగానుగా!" అని భోరుమన్నాడు వాడు.

"నువ్వు జరిగావు, దాన్నొక్కదాన్నే వదిలేశావు. భయపడదూ మరి?" అని మందలించాడు సూరిబాబు.

"మీరు కాదర్రా, విమానాల్ని తిప్పండి!" అని మొత్తుకున్నాడు బావ. అంతే, సూరిబాబు తన కంప్యూటరు తెరని గోడవైపుకి తిప్పేసి, "ఇప్పుడు వాడికి నేనెలా కనపడతానో చూస్తా" అని చేతులు కట్టుకున్నాడు. ఢాం! "బావా, వీళ్ళు గోడలోంచి కూడా కాలుస్తున్నారు!"

ఇక మిగిలింది గవర్రాజొక్కడే. కుడినుంచి ఒకడు, ఎడమనుంచి ఒకడు, ఎదురుగా ఒకడు. "దిగరా! కిందికి దిగరా!" అని బావ గొంతు చించుకున్నాడు. గవర్రాజు కుర్చీతో సహా బల్లకిందికి దిగిపోయాడు. దిగేటప్పుడు మోచెయ్యి తగిలి విమానాన్ని నడిపే స్టిక్కు ముందుకి పడింది. విమానం ముక్కు వంచి సర్రున కిందికి జారింది. ఇంకేముంది, మీదకొస్తున్న ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని రాలిపోయారు.

"ఓరి నీ బుర్రకో దణ్ణం!" అన్నాడు బావ, నవ్వాలో ఏడవాలో తెలీక. "ఇంక ఒక్క నిమిషం. విమానాన్ని క్షేమంగా ఇంటికి చేరిస్తే పందెం మనదే."

గవర్రాజు బల్లకిందనుంచి లేచాడు. సంతోషంతో కళ్ళమ్మట నీళ్ళు. "దార్లో ఎవరైనా ఎదురొస్తే, బావా?"

"ఇంకెవరొస్తార్రా? ఎవరొచ్చినా సరే, తప్పుకో!"

సరిగ్గా అప్పుడే, కొడుకులు గెలుస్తున్నారని విని మంగాయమ్మ మురిసిపోతూ పుణుకుల పళ్ళెం పట్టుకుని ఎదురుగా వచ్చింది.

"ఎదురుదాడి!" అని కేక పెట్టాడు గవర్రాజు. అంతే, తువ్వాళ్ళు విప్పేశారు. గవర్రాజు తెర ఎత్తుకున్నాడు. సూరిబాబు కంప్యూటరు డబ్బా నెత్తిన పెట్టుకున్నాడు. త్రిమూర్తులు స్టిక్కు పట్టుకున్నాడు. ప్లగ్గులు పటపటా ఊడిపోయాయి, పందెం కాస్తా పోయింది. ముగ్గురూ అమ్మని తప్పించుకుని వీధిలో పడ్డారు.

"బావ మాట్లాడ్డం లేదేంట్రా?" అన్నాడు సూరిబాబు.

"మెచ్చుకుంటున్నాడు, మాట రావడం లేదు" అన్నాడు గవర్రాజు, హెడ్‌సెట్టు తీగ నేలమీద ఈడ్చుకుంటూ.

మలుపులో ఆటో ఎదురైంది. పక్కకి జరిగారు. కిందికి దిగారు. కిందనేమో కాలవ! పీకల్లోతు నీళ్ళు. గవర్రాజు తెరని నెత్తికెత్తుకున్నాడు.

"అన్నయ్యా, మునిగిపోతున్నాం! విమానాన్ని పైకి లేపు!" అని త్రిమూర్తులు స్టిక్కు బలంగా వెనక్కి లాగాడు. గవర్రాజు ఉన్న బలమంతా కూడదీసుకుని తెరని ఆకాశంలోకి విసిరేశాడు.

"లేచింది! లేచింది!" అని ముగ్గురూ చప్పట్లు కొట్టారు. చప్పట్లకి చేతులు కావాలిగా, సూరిబాబు డబ్బా వదిలేశాడు.

మంగాయమ్మ పుణుకుల పళ్ళెంతో వెనకే గట్టుమీదకి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, కాస్త ఎడంగా జరుగు" అన్నాడు గవర్రాజు, ఆకాశం మీంచి చూపు తిప్పకుండా. "అదిప్పుడు ఇంటికే వస్తోంది."