ఇనుప టోపీకి భయపడి వెనక్కి పోయిన కోట

పిల్లలూ, పైనుంచి తుపాకులు పేలుతుంటే కోట గోడ దాకా సైన్యం ఎలా పోతుందో చెప్పండి చూద్దాం. పరిగెత్తా? కాదు. వెనకటి సైన్యాల్లో మట్టిపని వాళ్ళుండేవారు. మనిషి దాగేంత లోతున కాలువ తవ్వుకుంటూ అందులోంచే గోడ దగ్గరికి చేరేవారు. అందరికన్నా ముందు తవ్వేవాడికి ప్రాణాపాయం ఎక్కువ కాబట్టి, వాడికి మాత్రం రోలంత బరువున్న ఇనుప టోపీ, ఛాతీకి ఇనుప పలక ఇచ్చేవారు. అర్థమైందా? సరే.

మన కథలో ఆ ఇనుము తొడుక్కున్నవాడు ఓబులేసు. మా పుట్టింటి వంశంవాడే, దాచుకోవడమెందుకు. ఆ తెలివిలో నా వాటా నాకూ వచ్చింది. వాడికి చెంగలప్ప, మునెప్ప అని ఇద్దరు తమ్ముళ్ళు. సైన్యం మొత్తంలో బుర్ర ఉన్నది తమ ముగ్గురికేనని వాళ్ళ నమ్మకం.

ఆ పొద్దున దళవాయి, అంటే సేనాపతి, స్వయంగా వచ్చి చెప్పాడు. "ఓబులేసూ, గోడకి నీ ఛాతీయే కనపడాలి, వీపు కనపడకూడదు. టోపీ తియ్యకు. మీ ఇద్దరూ అన్నని దాటి ముందుకి పోవద్దు, తలెత్తి చూడొద్దు. పొద్దుగూకేలోగా గోడ చేరితే మట్టిపని వాళ్ళందరికీ ఓబులేసే మేస్త్రీ. చేరకపోతే ముగ్గురూ ఇంటికే."

ఇంటికి పోతే ఓబులేసు పరువు దక్కదు. మేస్త్రీ అయిపోయానని ఊరికి అప్పటికే కబురు పంపేశాడు మరి.

పలుగెత్తి వంగబోయి ఆగాడు. వంగితే వీపు కనపడుతుంది. వంగకపోతే పలుగు నేలకి అందదు.

"దానికేం అన్నా, నువ్వు నిలబడు, మేం తవ్వుతాం," అన్నాడు చెంగలప్ప.

"నన్ను దాటి రాకూడదుగా."

"అందుకే నీ వెనక తవ్వుతాం."

అంతే. ఓబులేసు గోడకేసి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. తమ్ముళ్ళు వాడి వెనక తవ్వుతుంటే, కాలువ పెరిగినకొద్దీ వాడూ ఒక్కో అడుగు వెనక్కి వేశాడు. వెనక ఏముంది? వాళ్ళ సైన్యం గుడారాలే. సిపాయిలు చూసి నీళ్ళకోసం తవ్వుతున్నారు కాబోలు అనుకుని ఊరుకున్నారు.

మధ్యాహ్నానికి ఓబులేసుకి అనుమానం వచ్చింది. "ఒరే, గోడ చిన్నదైపోతోంది."

"నీ టోపీ చూసి భయపడిందన్నా, వెనక్కి పోతోంది," అన్నాడు మునెప్ప.

"పోనిస్తామా? ఇంకా గట్టిగా తవ్వండి."

ఇంకేముంది, ఇద్దరూ ఊపిరి బిగబట్టి తవ్వారు. ఎండకి ఓబులేసు చెమటలో తడిసిపోయాడు. టోపీ జారి ముక్కు దాకా దిగింది. తియ్యొద్దన్నారు కాబట్టి తియ్యలేదు.

"ఒరే, గోడ అసలు కనపడ్డమే లేదు."

"అయితే కూలిపోయుంటుంది."

సరిగ్గా అప్పుడే చెంగలప్ప పలుగు ఏదో మేకుకి తగిలింది. ఒక లాగు లాగాడు. తాడు తెగింది, పెద్ద గుడ్డ ఒకటి దబ్బున కూలి కాలువ అంచు మీద పడింది. దాని కింద ఎవరో గింజుకుంటున్నారు.

"కోటలోకి వచ్చేశాం," అన్నాడు ఓబులేసు. ముగ్గురూ మీదపడి, గింజుకునే మనిషిని గుడ్డతో సహా మూట కట్టేశారు.

"బాగా బలిసినవాడన్నా. కోట పెద్దమనిషై ఉంటాడు."

"దళవాయి గారికి అప్పగిద్దాం పదండి. ఇక మేస్త్రీగిరీ నాదే."

మూట నెత్తిన పెట్టుకుని కాలువలోంచి పైకెక్కారు. ఓబులేసు, తమ్ముడి భుజం పట్టుకుని నడుస్తూ, అడుగుల చప్పుడు వినపడ్డ చోటల్లా అడిగాడు. "దళవాయి గారి గుడారం ఎక్కడండీ?"

"ఇందాకటి దాకా ఇక్కడే ఉండేదే," అన్నాడొక సిపాయి తల గోక్కుంటూ.

"నేనేరా దళవాయిని," అంది మూట.

మునెప్ప నవ్వాడు. "చూశావా అన్నా, పట్టుబడగానే ఎంత మాట అంటున్నాడో."

"వాడితో మనకేం మాటలు. ఆయన వచ్చేదాకా ఇక్కడే ఉందాం," అన్నాడు ఓబులేసు. మూట దింపి, పారిపోకుండా ముగ్గురూ దాని మీద ఎక్కి కూర్చున్నారు.

దళవాయి ఎంతకీ రాలేదు.

మీరిక ఆడుకోండి. చింతపండు గింజలు సగమే తీశాను, ఆ పని కానిచ్చి వస్తా.