ఖాళీ సీటుకు కట్టిన బెల్టు

కామేశం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ఆదివారం రమ్మంటారు. ఆదివారం వెళితే జవాబు దొరుకుతుందని నమ్మకం లేదు, పెసరట్టు మాత్రం ఖాయం. అల్వాల్‌లో ఆయన ఇంటి ముందుగదిలో చిన్న చిన్న విమానాలు చేయడం నేర్చుకునేవాళ్ళం ఆరుగురం. ముప్ఫై ఏళ్ళు వైమానిక దళంలో పనిచేసి వచ్చిన మనిషి కాబట్టి ఆయనకు అసలు విమానాలు తెలుసు. మాకు తెలిసినవల్లా అట్టపెట్టెల్లో వచ్చే ప్లాస్టిక్ ముక్కలే. ఆరుగురిలోనూ తబితది చెయ్యంటే చెయ్యి. ఆమె పళ్ళ డాక్టరు. నేను జిగురు పెట్టిన చోట వేలిముద్ర ఉంటుంది, ఆమె పెట్టిన చోట అతుకు కూడా కనపడదు. ఈ మాట కాస్త అసూయతోనే అంటున్నాను.

మాస్టారితో కలిసి పనిచేసి రిటైరైన దస్తగిరి అనే ఆయన, తన విమానం బొమ్మ ఒకటి చేయించి పెట్టమని అడిగాడు. తన విమానమంటే తను నడిపింది కాదు. పదకొండేళ్ళపాటు దాని పైలట్‌ను సీట్లో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి పంపింది ఆయనే. మాస్టారు ఆ పని తబితకు అప్పగించారు. తన బీరువాలోకి కాకుండా ఇంకొకరి కోసం ఆమె చేస్తున్న మొదటి విమానం అది. ఆ ముసలాయన చూసి ఇది నాదే అంటే చాలని ఆమె రోజూ మాతో అనేది.

అందులో అన్నిటికన్నా కష్టం సీటు బెల్టులు. పల్చటి ఇత్తడి రేకును ఆసిడ్‌తో కొరికించి తీసినవి విడిగా తెప్పించాం. బెల్టు వెడల్పు చీపురుపుల్లంత, బకిల్ ఆవగింజంత. రేకు నుంచి కోసి, మంట మీద చూపించి మెత్తబరచి, పట్టకారుతో వంచి సీటుకు అతకాలి. ఒకటి చేజారి ఎగిరిందా, ఇక ఇల్లంతా ఊడ్చుకోవడమే. తబిత నాలుగు సాయంత్రాలు కూర్చుని ఆ బెల్టులను ముడత లేకుండా, బకిల్ సరిగ్గా నడిమధ్యకు వచ్చేలా సీటు మీద బిగించి, పైన అద్దపు మూత అంటించేసింది. అంతా అయ్యాక అప్పుడు అడిగింది.

"మూత పెట్టేశాక ఈ బెల్టులు ఎవరు చూస్తారు మాస్టారూ? పెట్టెలో వచ్చిన సీటుకే నాలుగు గీతలు రంగు వేసి ఊరుకుంటే ఏం పోయేది?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఆ మూతలోంచి చాలాసేపు చూశారు. ఆదివారం దస్తగిరి వస్తాడు, నువ్వూ రా అమ్మా అన్నారు.

దస్తగిరి చెప్పులపెట్టె ఒకటి పట్టుకుని వచ్చాడు, లోపల దూది పరిచి ఉంది. విమానాన్ని చక్రాల నుంచి తోకదాకా తనిఖీ చేశాడు. తోక మీది నంబరు పైకి చదివి, పక్కింటివాళ్ళకు కూడా వినపడేలా నవ్వాడు. తర్వాత భూతద్దం తీసుకుని మూత మీదికి వంగాడు. ఎంతకీ లేవలేదు. లేచాక, శానా బాగుండాదమ్మా అన్నాడు గానీ, పెట్టె జోలికి పోలేదు. పెసరట్టు తిన్నాడు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాడు, విమానం ఇక్కడే ఉండనీ సార్, వచ్చినప్పుడల్లా చూసి పోతానన్నాడు. తబిత ముఖం వాడిపోయింది. అయినా ఆమె వదిలే మనిషి కాదు.

"నొప్పి ఎక్కడో చెప్పకపోతే నేనేం చెయ్యను బాబాయ్ గారూ?"

దస్తగిరి మాస్టారి వంక చూశాడు. మాస్టారు పెనం మీద అట్టు తిరగేస్తున్నారు, ఇటు తిరగలేదు.

"ఇది ఈ పొద్దు ఎగిరే విమానం కాదమ్మా" అన్నాడు దస్తగిరి.

వాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉండేదట. విమానం మరమ్మతుకు పక్కన పెడితే ఖాళీ సీటు మీద బెల్టులు బిగించేసేవారు. ఎగిరే రోజున మాత్రం భుజాల పట్టీలు సీటు వెనక్కి వేసి, నడుం పట్టీలు చెరో పక్కకు పరిచి ఉంచేవారు. వచ్చే మనిషి తన చోటు వెతుక్కోకూడదు. తను డ్యూటీలో ఉన్న ఏ రోజూ తన పైలట్ సార్ వచ్చేసరికి ఆ సీటు కట్టేసి లేదన్నాడు. బెల్టులొచ్చిన పాకెట్ మీది బొమ్మలో ఇలాగే ఉందని తబిత గొణిగింది. ఆయన వాదించలేదు. రెండు తువ్వాళ్ళు అడిగి తీసుకుని, మాస్టారి కుర్చీకి ఒకటి భుజాల ఎత్తున, ఒకటి నడుం దగ్గర వేసి ఆమెను కూర్చోమన్నాడు. మేం నవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. ఆయన నాలుగు కొసలూ ముందుకు తెచ్చి ఒక్క గుప్పిట్లో పట్టి, ఒకసారి గట్టిగా లాగి, ఊపిరి ఆడతాండాదా అని అడిగాడు. ఆమె తలూపింది. భుజం మీద రెండుసార్లు తట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"పోయిరండి సార్" అన్నాడు.

ఎదురుగా ఉన్నది పళ్ళ డాక్టరని ఆయనకు గుర్తు లేదు. మాలో ఎవరం నవ్వలేదు. పోయిన ప్రతిసారీ తిరిగొచ్చినాడమ్మా, నేనే బెల్టు ఇప్పినాను అని, తువ్వాళ్ళు మడత పెడుతూ తృప్తిగా చెప్పాడాయన.

తబిత వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. అంటించిన మూత ఊడదీయడమంటే మాటలు కాదు. పగిలితే ఇంకోటి లేదు. సన్నటి బ్లేడుతో అరగంట పట్టింది, అంచున ఒక గీత పడింది కూడా. బకిల్ విడదీసి, పట్టీలు మళ్ళీ వేడిచేసి, భుజాలవి వెనక్కి, నడుంవి పక్కలకు పరిచింది. ఒకటి విరిగితే రేకులో మిగిలినదానితో సరిపెట్టింది. ఈసారి దేన్నీ కొలవలేదు, కుర్చీ వైపు చూస్తూ చేసింది. పట్టీలు కాస్త వంకరగానే వచ్చాయి. దస్తగిరి భూతద్దం పెట్టి చూశాడు. చెప్పులపెట్టె తెరిచి దూది సర్దడం మొదలుపెట్టాడు.

తబిత ముఖం వెలిగిపోయింది. మూత పట్టుకుని, దీన్ని తెరిచి ఉన్నట్టే అంటిస్తాను మాస్టారూ, ఇప్పుడైతే బెల్టులు అందరికీ కనపడతాయంది.

మాస్టారు ఆమె ముందు వేడి అట్టు పెట్టారు.

"కనపడే సంగతి తర్వాతమ్మా. ముందు ఆ పైలట్ ఎక్కాలి కదా."