గుంటలో నాలుక చేపలు

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం ఒడ్డున, ఎటు చూసినా ఇసుకే ఉండే ఊళ్ళో, పోలమ్మ, అసిరమ్మ అని ఇద్దరు ఉండేవారు. వాళ్ళ ఇళ్ళ మధ్య ఒక దడి, ఆ దడికి ఒక చిన్న సందు. నిప్పైనా ఉప్పైనా కబురైనా ఆ సందులోంచే అటూ ఇటూ వెళ్ళేది.

పోలమ్మకి అనుమానం ఎక్కువ. నాలాగే అనుకో. నవ్వకు, వినిపిస్తోంది.

పోలమ్మ కూతురు పురుడు పోసుకుని పుట్టింట్లో ఉంది. బాలింతకి నాలుక చేపల కూర పెట్టాలని పోలమ్మ ఆశ. ఆ చేప నీ అరచేయంత ఉంటుంది, అప్పడంలా పల్చగా, రెండు కళ్ళూ ఒకవైపే. ఒక్కటైతే కూరకి చాలదు కదా. అందుకని వలలో పడ్డదాన్ని పడ్డట్టే రాళ్ళ మధ్య ఉప్పునీటి గుంటలో వదిలేది.

మొదటి చేప మర్నాటికి కనబడలేదు. కాకి ఎత్తుకుపోయిందేమో అనుకుంది.

ఆ తర్వాత రెండోదీ కనబడలేదు. గుంట పక్కన అసిరమ్మ అడుగులున్నాయి. ఆమె రోజూ నడిచే దారి అదే, అయినా పోలమ్మకి ఆ సంగతి గుర్తు రాలేదు.

"నా సేపలు నీ కుండలో ఉడికినాయేటే అసిరీ?"

"నాను ముట్టుకోనేదే."

పోలమ్మ నమ్మలేదు. దడి సందు మూసుకుపోయేలా తాడు కట్టేసింది.

అప్పుడు మూడో చేపని వదిలి, గుంట పక్కనే కాపలా కూర్చుంది. చేప అడుక్కి దిగింది, రెండుసార్లు రెక్కలు ఆడించింది, అంతే, లేదు. చుట్టుపక్కల ఒక్క మనిషి లేదు. పోలమ్మ గుంట అడుగున ఇసుకలో చెయ్యి పెట్టింది. అరచేతి కింద ఏదో జారింది. ఒకటి, రెండు, మూడు. ఇసుక కప్పుకుని, ఇసుక రంగులోనే, మూడూ అక్కడే పడుకుని చూస్తున్నాయి.

పోలమ్మకి సిగ్గేసింది. పరుగున వెళ్ళి తాడు విప్పింది. కానీ అవతలనుంచి అసిరమ్మ కూడా సందుకి ఒక ముడి వేసేసింది, పోలమ్మకి అది తెరుచుకోలేదు. పిలిచింది, పలకలేదు. మళ్ళీ పిలిచింది, పలకలేదు.

"తప్పు నాదేనే అసిరీ," అని ఏడ్చింది.

అప్పుడు అవతలనుంచి మాట వచ్చింది. "నీకూ ఆ సేపకిలాగే రెండు కళ్ళూ ఒకేపే ఉన్నాయే పోలీ. ఇటేపు నానున్నానని నీకు అవుపడనేదు."

ఆ తర్వాత ముడి మెల్లగా వదులైంది. ఆ రోజు కూర మొదటి గిన్నె సందులోంచి అవతలికే వెళ్ళింది.

నిద్రపోయావా? లేదులే, నాకు తెలుసు. పొద్దున నా వక్కల సంచి నువ్వే దాచావన్నాను కదా తల్లీ. నువ్వు ఏడ్చావు కూడా. అది నా తలగడ కిందే ఉంది. ఇటు తిరుగు.

కథేమో కంచికి, అలకేమో అటకకి, మనమేమో మంచానికి.